గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్.. సర్కారు చేతికొచ్చిన రాజభవనాల కథ ఇదీ!

ఒకప్పుడు రాజులు కొలువుదీరిన చోట ఇప్పుడు క్లాసులు, ఆఫీసులు నడుస్తున్నాయి. వాడకంలో ఉండటం వల్లే ఈ కట్టడాలు నిలబడ్డాయి. అయితే రిపేర్లు సరిగ్గా చేయకపోతే ఆ వాడకమే వాటిని దెబ్బతీస్తుంది.

గద్వాలలో ఏముంది?
సోమనాద్రిగా పేరున్న పెద్ద సోమభూపాలుడు కట్టించిన మట్టికోట ఇది. లోపల చెన్నకేశవస్వామి ఆలయం ఉంది. అదే కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. స్థానికులకు ఎంఏఎల్డీ కాలేజీ అంటేనే తెలుస్తుంది.

వనపర్తిలో..
1959లో మొదలైన కేడీఆర్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు సంస్థానం ప్యాలెస్సే క్యాంపస్. వనపర్తి రాజా రామేశ్వరరావు తర్వాత మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు కూడా ఎన్నికయ్యారు.

అసలు సమస్య ఎక్కడ?
పాతకాలపు రాతి, ఇటుక గోడలకు వాడింది డంగు సున్నం. ఇసుక, సున్నం కలిపి గానుగలో నూరేవారు. పట్టు కోసం బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కూడా కలిపేవారు. ఈ సున్నం తేమను పీల్చుకుని మళ్లీ బయటకు వదిలేస్తుంది. పైన సిమెంట్ పూస్తే తేమ లోపలే ఆగిపోతుంది. గోడ ఉబ్బి, పెచ్చులు ఊడతాయి. గదుల మధ్య అడ్డుగోడలు కట్టినా, ఏసీల కోసం గోడలకు రంధ్రాలు కొట్టినా గాలి, వెలుతురు వచ్చే దారులు మూసుకుపోతాయి, గోడలు బలహీనపడతాయి. పైకప్పు మీద మొలిచిన రావి మొక్కను వదిలేసినా ముప్పే.

కూల్చేస్తామంటే?
హైదరాబాద్‌ ఎర్రమంజిల్ ఇందుకు ఉదాహరణ. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఈ ప్యాలెస్‌లో ఆ తర్వాత సర్కారు ఆఫీసులు నడిచాయి. 2019 జూన్‌లో దాన్ని తీసేసి, కొత్త అసెంబ్లీ కట్టాలని రాష్ట్ర కేబినెట్ నిర్ణయించింది. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఇప్పుడేం చేయాలి?
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. తర్వాత మూడు చోట్లా కొత్త కలెక్టరేట్లు కట్టారు. కొత్త బిల్డింగులు వచ్చాయని పాతవాటికి తాళం వేస్తే, కొన్ని వానాకాలాలకే పైకప్పులు కారడం మొదలవుతుంది. అందుకే వాడకం ఆపకూడదు. రిపేరు మాత్రం సిమెంట్‌తో కాదు.. సున్నంతోనే చేయాలి.