కచేరీకెక్కిన పల్లెపాట: వింజమూరి అనసూయాదేవి తొలి జీవితం, దొనకొండ సీమకు మిగిలిన పని

దొనకొండ పేరు కాగితాలకెక్కిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో ఒక స్టేషన్‌గా ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన విమాన స్థావరంగా ఎక్కింది. 2014లో రాష్ట్రానికి కొత్త రాజధాని ఎక్కడన్న చర్చలోనూ ఆ పేరు వినిపించింది. అదే నేల మీద కంది చేలో కలుపు తీస్తూ, మిరపకాయలు కోస్తూ, పెళ్లింట అప్పగింతలు పెడుతూ ఆడవాళ్లు తరాలుగా పాడుకున్న పాటకు మాత్రం అలాంటి నమోదు చాలా తక్కువ. పాడినవాళ్ల పేర్లకైతే మరీ తక్కువ.

పల్లెపాట పాడే స్త్రీ ‘గాయని’ అనిపించుకోవాలంటే ఏమేం కలిసిరావాలి? తెలుగునాట ఈ ప్రశ్నకు వింజమూరి అనసూయాదేవి తొలి జీవితం స్పష్టమైన జవాబు చెబుతుంది.

ఆమె 1920 మే 12న కాకినాడలో పుట్టారు. తండ్రి వింజమూరి వెంకటలక్ష్మీనరసింహారావు సంస్కృతాంధ్ర పండితుడు, నాటకరంగం తెలిసినవాడు. తల్లి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ అనే స్త్రీల పత్రికను నడిపిన సంపాదకురాలు. కూతురికీ పత్రికకూ ఒకటే పేరు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి. పద్యం, నాటకం, పత్రిక, భావకవిత్వం అన్నీ ఒకే ఇంట్లో తిరుగాడుతుండగా ఆమె పెరిగారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు, హార్మోనియం మీద చెయ్యి తిరిగింది. ఎనిమిదేళ్ల వయసులోనే తొలి గ్రామఫోన్ రికార్డు ఇచ్చారంటారు. మర్యాదస్తుల ఇళ్లలో ఆడపిల్ల నలుగురిలో పాడటమే తప్పుగా చూసిన రోజులవి. ఆ పిల్లకు గొంతు ఎంత అవసరమైందో, పాడనిచ్చిన ఇల్లూ అంతే అవసరమైంది. ముఖ్యంగా పత్రిక నడిపే తల్లి ఉండటాన్ని ఆమె జీవితకథలో పక్కవిషయంగా చూడకూడదు.

దాదాపు అదే కాలంలో అమెరికాలోనూ ఇలాంటి ఘట్టం నడిచింది. 1927 ఆగస్టు మొదట్లో టెనెసీ–వర్జీనియా సరిహద్దు పట్టణం బ్రిస్టల్‌లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగ్ నిర్వాహకుడి ముందు కార్టర్ కుటుంబం పాడింది. సారా కార్టర్ గొంతు, నిండా ఇరవై ఏళ్లు లేని మేబెల్ కార్టర్ గిటార్ కలిసి, తర్వాత కంట్రీ సంగీతం అని పేరొందిన బాణీకి పునాది వేశాయి. సారా భర్త ఏ.పీ. కార్టర్ కొండ ఊళ్లు తిరిగి పాటలు పోగుచేసేవాడు. ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెళ్లేవాడు. ఏ.పీ. మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీని మనసులో పట్టుకొచ్చేవాడు. అలా సేకరించిన పాటల్లో ఎన్నో ఏ.పీ. కార్టర్ పేరు మీదే హక్కులయ్యాయి. పాట నేర్పిన కొండవాసులూ, బాణీ మోసిన రిడిలూ చాలాకాలం వెనకే ఉండిపోయారు. కంట్రీ సంగీత చరిత్ర ఎంత ఘనమైనదైనా ఈ బాకీ దాని మీద ఉంది. మన జానపద సంగీత చరిత్ర మీదా ఉంది.

ఇక్కడ 1938 జూన్‌లో మద్రాసు ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అనసూయ, చెల్లెలు సీత కలిసి పాడిన పాటలు రేడియో ద్వారా తెలుగు ఇళ్లకు చేరాయి. స్వాతంత్ర్యోద్యమ సభల్లోనూ ఈ అక్కచెల్లెళ్లు పాడారు. కృష్ణశాస్త్రి రాసిన ‘జయ జయ జయ ప్రియ భారత’ గీతానికి బాణీ అనసూయాదేవిదే. బడిలో ఆ పాట పాడిన తెలుగువాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు? రాసిన మేనమామ పేరు పాఠ్యపుస్తకానికి చేరింది, వరస కట్టిన మేనకోడలి పేరు చాలామందికి చేరలేదు. పరిశోధకులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎందుకంటే బాణీ కట్టడం కూడా రచనే.

పొలంలో పాట వేరు, రికార్డులో పాట వేరు. నాట్ల పాటకు కొలత మడి. మడి పూర్తయ్యేదాకా పాట సాగుతుంది, ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు, అలసట వచ్చినచోట లయ మందగిస్తుంది. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ పళ్లెంలో ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. అందులో వంత తరిగిపోతుంది, కథ కుదించుకుపోతుంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు జంటగా పాడటం వల్ల ఆ వంతలోని కలివిడితనం కొంతైనా నిలిచింది. వాయిద్యం సంగతి ఇంకొకటి. 1940 నుంచి మూడు దశాబ్దాలపాటు ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. చేయి తిరిగిన వాద్యాన్ని పక్కన పెట్టి పాడాల్సిన మాధ్యమం అది. అనసూయాదేవి జానపద గేయాన్ని శాస్త్రీయ కచేరీ వేదిక మీదికి తెచ్చారు, స్వరాలు రాసి పుస్తకంగా ప్రచురించారు. స్వరం రాస్తే పాట బిగుసుకుపోతుందన్న వాదం ఉంది. కానీ రాయని పాట పాడేవాళ్లతోనే పోతుంది. ఈ రెండింట్లో ఆమె చేసినదే సరైన పని.

సీతాదేవి దారి పరిశోధన వైపు, ఆకాశవాణి జానపద విభాగం వైపు మళ్లింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన ‘మా భూమి’ చిత్రానికి సంగీతం అందించినవారిలో ఆమె ఒకరు. తెలంగాణ రైతాంగ పోరాటంలో పుట్టిన పాటలు వెండితెర మీద అంత సహజంగా వినిపించడంలో ఆ చెవికి పెద్ద పాత్ర ఉంది. అనసూయాదేవికి 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. చివరి ఏళ్లు ఆమె హ్యూస్టన్‌లో గడిపారు. 2019 మార్చి 23న, 98 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

ఆమె ఘనతను తగ్గించకుండానే ఒక మాట చెప్పాలి. కలుపు పాట కచేరీకి ఎక్కింది గానీ, కలుపు తీసే మనిషి ఎక్కలేదు. చదువు, స్వరజ్ఞానం, రికార్డింగ్ కంపెనీ దాకా వెళ్లగల పరిచయాలు ఉన్న ఇంటి నుంచే తొలి గాయనులు వచ్చారు. కూలి చేసే కులాల స్త్రీలు పాటకు మూలమై, పేరుకు దూరంగా ఉండిపోయారు.

దొనకొండ ఉన్న పశ్చిమ ప్రకాశంలో ఈ లోటు ఇంకా తీర్చుకోవచ్చు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. పొదిలి, దర్శి నెల్లూరివి. కర్నూలు, నెల్లూరు, గుంటూరు వైపుల మాటతీరు కలిసే ఈ సీమలో వరసలు ఎలా కలిశాయో వినాల్సి ఉంది. కంభం చెరువు కింద నాట్ల పాట, మెట్టచేలలో కలుపు పాట, మార్కాపురం వైపు పలకల పనిలో సాగే పదం, నల్లమల అంచున చెంచు గూడేల పాట, లంబాడీ తండాల్లో గోర్‌బోలీ పాట ఒక్క పుస్తకంలో ఇమిడేవి కావు. కలుపు మందులు వచ్చి కలుపు పాటకు చోటు తగ్గింది. గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లే ఆడవాళ్ల గుంపుల్లో ఆ పాటను వెతకాలి.

దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు కళాశాలల తెలుగు అధ్యాపకులకు, విద్యార్థులకు ఒక విన్నపం. చేతిలోని ఫోన్ ఇందుకు చాలు. పాడే మనిషి అనుమతి అడిగి, పాట మొత్తం వంతతో సహా రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ పనిలో పాడేదీ రాసుకోండి. ఒక ప్రతి ఆమె కుటుంబానికి ఇవ్వండి, ఒకటి కళాశాల గ్రంథాలయంలో భద్రపరచండి. డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దమ్మల దగ్గరికి ముందు వెళ్లండి.