నాలుగు తలుపుల పందెపు గుర్రాలు

సర్రీలోను, చుట్టుపట్ల ఊళ్ళలోను స్థిరపడిన మన కుటుంబాలలో కార్లను గురించిన వాదం ఒకటి ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. గరాజులో గుడ్డ కప్పి దాచిన పాత పెట్రోలు బండిని ఇంకా ఎందుకు ఉంచుకోవాలని పిల్లలు అడుగుతారు. గోడకు తగిలించిన తీగతో రాత్రంతా కరెంటు త్రాగే కొత్త బండికి ప్రాణమెక్కడున్నదని పెద్దలు ఎదురు ప్రశ్న వేస్తారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. అయితే వాదించే ఇరుపక్షాలవారూ ఈ బండ్ల పుట్టుపూర్వోత్తరాలను ఎక్కువగా పట్టించుకున్నట్లు కనబడదు. అందుకని ఆ కథ ఇక్కడ చెప్పదలచాము. ఈ దేశంలో పెట్రోలును గ్యాసు అంటారు. మనకు గ్యాసంటే వంటింటి సిలిండరే గనుక మేము మాత్రం ఇంటి అలవాటు ప్రకారం పెట్రోలు అనే వ్రాస్తాము.

స్పోర్ట్స్ కారంటే ఇద్దరే కూర్చునేది, నేలను రాసుకుంటూ పోయేది, పెళ్ళికాని శ్రీమంతుని ముచ్చట. సెడాన్ అంటే నాలుగు తలుపులు, వెనుక సీటు, డిక్కీ ఉన్న సంసారపు బండి. ఈ రెంటినీ కలపవలసిన అవసరం ఎవరికి వచ్చింది? ఒక్క కారు మాత్రమే కొనగలిగిన సంసారికి వచ్చింది. పిల్లలను బడికి దింపాలి, శనివారం సరుకులు తేవాలి, ఒంటరిగా దొరికిన అరగంటలో కొండదారిలో మనసుతీరా నడపాలి. స్పోర్ట్స్ సెడాన్ పుట్టుక వెనుక ఉన్నది ఈ పొదుపే. ఇది గుర్తుంచుకుంటే మిగిలిన చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

ఇంగ్లండులో జాగ్వార్ వారి మార్క్ 2 బండి 1959లో వచ్చింది. అందులో 3.8 లీటర్ల ఇంజను రకం 220 అశ్వశక్తితో గంటకు 125 మైళ్ళ వేగాన్ని అందుకున్నది. అక్కడి దొంగలూ పోలీసులూ కూడా దానినే కోరుకున్నారట! ఇటలీలో 1962లో ఆల్ఫా రోమియో వారు జూలియా అనే పెట్టెవంటి చిన్న సెడాన్‌కు అయిదు గేర్లు, పైన రెండు కామ్‌షాఫ్టుల ఇంజను అమర్చారు. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. సంస్థ దివాలా అంచునుంచి బయటపడింది కూడా ఇటువంటి బండితోనే. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపిన 1500 మోడలు దారి వేయగా, 1968లో వచ్చిన 2002 మోడలు ఆ సంస్థ పేరును అమెరికా ఖండమంతటా మ్రోగించింది. 2002కు తలుపులు రెండే. అయినా వెనుక సీటులో పిల్లలు సుఖంగా కూర్చోగలరు గనుక దానిని అందరూ ఈ కోవలోనే చేరుస్తారు, మేమూ చేర్చాము.

మనవంటివారికి నిజంగా అందుబాటులోకి వచ్చినది జపాను బండి. డాట్సన్ 510 అని 1967లో పుట్టింది. 1.6 లీటర్ల ఇంజను, 96 అశ్వశక్తి, వెనుక చక్రాలు రెండూ దేనికది విడిగా ఊగే అమరిక. ఇవన్నీ జర్మను బండిలో ఉన్నవే, ధర మాత్రం చాలా తక్కువ. 1971, 1972 సంవత్సరాలలో అమెరికా ట్రాన్స్-ఆమ్ పందేలలో రెండున్నర లీటర్ల తరగతిలో జాన్ మోర్టన్ ఈ బండితోనే ఆల్ఫాలను ఓడించి రెండుసార్లూ విజేత అయ్యాడు. పందేలు చూడటానికి దూరం పోనక్కరలేకపోయింది కూడా. ఫ్రేజర్ నదికి ఆవలి ఒడ్డున కోక్విట్లమ్ కొండమీద 1959 నుంచి 1990 దాకా వెస్ట్‌వుడ్ పందెపు బాట ఉండేది. ఆ స్థలంలో తరువాత ఇళ్ళూ గోల్ఫు మైదానమూ వెలిశాయి.

1967లో కెనడా ప్రభుత్వం వలసకు మార్కుల పద్ధతి పెట్టిన తరువాత మన ఇంజనీర్లు, డాక్టర్లు, అధ్యాపకులు ఈ దేశానికి రావడం మొదలైంది. వారు ఇంటిదగ్గర ఎరిగిన కార్లు రెండే, అంబాసిడరూ ఫియెటూ. 1089 సి.సి. ఇంజనుతో వచ్చిన ఫియెట్ 1100 బండే తరువాత 1974లో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్నది. దానికోసం ఏళ్ళ తరబడి వరుసలో కాచుకోవలసి వచ్చేది. అయినా పందెపు సరదా మనవాళ్ళకు లేదనుకోవడం పొరపాటు. మద్రాసునుంచి నెల్లూరు పోయే దారిలో షోలవరం వద్ద యుద్ధకాలపు విమానాల బాట మీద అవే ఫియెట్లను, అంబాసిడర్లను విప్పి, బరువు తగ్గించి, కార్బురేటర్లు మార్చి పరుగెత్తించేవారు. ఇంటిముందు నిలిచే బండినే పందెపు గుర్రంగా మార్చడమన్న మాట. మ్యూనిక్‌లోను, టోక్యోలోను జరిగినది కూడా అంతకంటే వేరేమీ కాదు. ఇంకొక చిన్న సంగతి. కెనడా రోడ్ల మీద మైళ్ళ పలకలు తీసి కిలోమీటర్ల పలకలు నాటినది 1977లో. ఇక్కడివారంతా గొణుక్కుంటుంటే మనవాళ్ళకు మాత్రం పుట్టింటి లెక్క తిరిగి వచ్చినట్లయింది.

1973లో బి.ఎం.డబ్ల్యు. వారు 2002 టర్బో అనే 170 అశ్వశక్తి బండిని తెచ్చారు. ముందుబండివాడు అద్దంలో చూసి దారి ఇవ్వాలని దాని ముక్కుమీద పేరును కుడి ఎడమలు తారుమారైన అక్షరాలతో వ్రాయించారు. ఆ గర్వం ఎంతోకాలం నిలవలేదు. కొద్ది వారాలకే చమురు సంక్షోభం వచ్చిపడింది. 1672 బండ్లతో ఆ కథ ముగిసింది. అయినా జాతి నశించలేదు. 1985లో వచ్చిన ఎం5 చూపులకు గుమాస్తా బండిలా ఉంటుంది, లోపల మాత్రం 286 అశ్వశక్తి, గంటకు 245 కిలోమీటర్ల వేగం. పెట్రోలు స్పోర్ట్స్ సెడాన్ పరిపూర్ణత పొందినది ఈ బండిలోనేనని మా అభిప్రాయం. తరువాత వచ్చినవి మరింత వేగంగా పోయాయి, మరింత లావెక్కాయి కూడా.

ఇక కరెంటు బండి సంగతి. దీనిని నిన్నమొన్నటి వింతగా పిల్లలు అనుకుంటారు, పెద్దలూ అలాగే అనుకుంటారు. నిజానికి గంటకు 100 కిలోమీటర్ల హద్దును మనిషి మొదటిసారి దాటినది కరెంటు కారులోనే. 1899 ఏప్రిల్ 29న పారిస్ సమీపాన కమీల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు చుట్ట ఆకారపు బండిలో 105.88 కిలోమీటర్ల వేగం సాధించాడు. ఆ బండికి అతడు పెట్టిన పేరుకు ‘ఎన్నడూ తృప్తిపడనిది’ అని అర్థం. అప్పటి పెట్రోలు బండ్లు చేతితో పిడి త్రిప్పితే గాని కదిలేవి కావు. పిడి ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. 1912లో కాడిలాక్ కారులో చార్లెస్ కెట్టరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టరు అమర్చడంతో ఆ బాధ తీరింది. పెట్రోలు బండిని గెలిపించినది ఒక చిన్న కరెంటు మోటారు కావడం చరిత్రలో ముచ్చటైన విషయం.

సర్రీకి కూడా కరెంటు ప్రయాణం కొత్త కాదు. 1910లో బి.సి. ఎలక్ట్రిక్ రైల్వే వారు న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి చిలివాక్ దాకా వేసిన ఇంటర్‌అర్బన్ మార్గం న్యూటన్, సలివన్, క్లోవర్‌డేల్ మీదుగా పోయేది. మనుషులతోపాటు పల్లెల పాలక్యానులూ దానిలోనే పట్నం చేరేవి. రోడ్లూ కార్లూ పెరిగి 1950లో ఆ ప్రయాణికుల బండి ఆగిపోయింది. మళ్ళీ కరెంటుతో నడిచే ప్రయాణికుల బండి నది దాటి సర్రీకి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. 1990లో స్కైట్రైన్ స్కాట్ రోడ్ స్టేషను చేరింది. పాత ఇంటర్‌అర్బన్ పెట్టెలను కొందరు ఉత్సాహవంతులు బాగుచేసి క్లోవర్‌డేల్ వద్ద నడుపుతున్నారు. పిల్లలకు ఒకసారి చూపించదగినది.

రోడ్డుమీద కరెంటు సెడాన్ నిజమైన పందెపు గుర్రంగా తిరిగివచ్చినది 2012లో, టెస్లా వారి మోడల్ ఎస్ రూపంలో. బ్యాటరీని నేలకింద పరచడంవల్ల బరువంతా అడుగున చేరి బండి మలుపులలో నిలకడగా ఉన్నది. 2019లో పోర్షె వారు తమ టైకాన్‌ను లోకానికి చూపించడానికి ఎంచుకున్న మూడు చోట్లలో ఒకటి మన నయాగరా జలపాతం. నీటినుంచి కరెంటు వస్తుందని గుర్తుచేయడానికట. ఆ బండిలో పై తరగతికి టర్బో అని పేరు. పొగ లేదు, పొగతో తిరిగే టర్బో లేదు, పేరు మాత్రం మిగిలింది! 2021లో మోడల్ ఎస్ ప్లాయిడ్ మూడు మోటార్లతో 1020 అశ్వశక్తికి చేరి, నిలిచినచోటునుంచి గంటకు 60 మైళ్ళ వేగాన్ని రెండు సెకండ్లలో అందుకుంటుందని తయారుచేసినవారు ప్రకటించారు.

ఈ అంకెలను పాత అంకెల ప్రక్కన పెట్టి చూడండి. బి.ఎం.డబ్ల్యు. 2002 టి.ఐ.ఐ. రకానికి 130 అశ్వశక్తి. ఆ శక్తి అంతా రావాలంటే ఇంజను నిమిషానికి 5800 చుట్లు తిరగాలి. చెవితో విని, కాలితో క్లచ్ నొక్కి, చేతితో గేరు మార్చి ఇంజనును ఆ స్థితిలో నిలపడమే డ్రైవరు విద్య. కరెంటు మోటారుకు ఆ బాధ లేదు. మొదటి చుట్టులోనే దాని బలమంతా చక్రానికి అందుతుంది, గేర్లతో పనిలేదు. అందుచేత పందెపు డ్రైవరుకు ఏళ్ళ సాధనతో వచ్చే పరుగు ఇప్పుడు మొన్న లైసెన్సు పుచ్చుకున్న పిల్లవాడి పాదం క్రిందకు వచ్చింది. ఇది మెచ్చుకోవలసినదే, భయపడవలసినదే. బరువు మాట కూడా చెప్పాలి. ఆ పాతబండి సుమారు 1000 కిలోలు. ప్లాయిడ్ 2100 కిలోలకు పైమాట. రెట్టింపు బరువును మలుపు త్రిప్పవలసినదీ, ఆపవలసినదీ టైర్లే. ముందుకు దూకడంలో కరెంటు బండిని మించినది లేదు. తేలికగా మలుపు తిరగడంలో, దారి సంగతి చేతికి తెలియడంలో పాతబండికి ఇంకా సాటి రాలేదని మేము అంటాము. తయారుచేసేవారికీ ఈ లోటు తెలుసు. 2023లో హ్యుందాయ్ వారు అయానిక్ 5 ఎన్ అనే కరెంటు బండిలో లేని గేర్లను ఉన్నట్లు భ్రమింపజేసే కుదుపులనూ, లేని ఇంజను చప్పుడునూ పెట్టారు. ఇది సెడాన్ కాదు గాని సంగతి అదే. లేని పులి గాండ్రింపును పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. కొందరు నవ్వుతారు, మాకు మాత్రం పాత విద్యకు చేసిన నమస్కారంలా తోచింది.

ఈ మార్పు మన ఊరికీ వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్.టి.ఆర్. గార్డెన్స్ చుట్టూ 2.83 కిలోమీటర్ల బాటమీద ఫార్ములా ఇ పందెం జరిగింది. భారతదేశంలో ఆ తరహా పందెం అదే మొదటిది. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జాగ్వార్ జట్టు బండ్లు రెండూ ఒకదానినొకటి గుద్దుకొని తప్పుకున్నాయి. మార్క్ 2 చేసిన సంస్థే ఇది! 2014లో ఈ పందేలు మొదలైనప్పుడు బ్యాటరీ చివరిదాకా నిలవక డ్రైవరు మధ్యలో దిగి రెండవ బండి ఎక్కవలసి వచ్చేది. హైదరాబాదులో పరుగెత్తినవి ఆ పందెంలో వాడే కరెంటులో దాదాపు 40 శాతాన్ని బ్రేకు వేసినప్పుడు తిరిగి రాబట్టుకోగల బండ్లు. తొమ్మిదేళ్ళలో ఇంత మార్పు. మరుసటి ఏడు జరగవలసిన పందెం మాత్రం 2024 జనవరిలో రద్దయింది.

పొగ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. పాతబండ్లు సీసం కలిపిన పెట్రోలు త్రాగి మన పిల్లల ఊపిరిలోకి ఊదాయి. ఆ పెట్రోలును కెనడా 1990లో నిషేధించింది. 1992 నుంచి 2014 దాకా ఇక్కడ ఎయిర్‌కేర్ పరీక్షలో నెగ్గక చాలా బండ్లు రోడ్డు దిగిపోయాయి. కరెంటు బండి శుభ్రత ఆ కరెంటు పుట్టినచోటుమీద ఆధారపడుతుంది. బ్రిటిష్ కొలంబియాలో అది చాలావరకు నీటినుంచి వస్తుంది. పీస్ నదిమీద బెన్నెట్ ఆనకట్ట ప్రారంభమైనది 1967లో. అదే ఏడు మన నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. అందుచేత సర్రీలో నడిచే కరెంటు కారుకు ఆనకట్ట నీళ్ళే పెట్రోలు అనవచ్చు. బొగ్గు మండించే చోట ఈ మాట ఇంత ధైర్యంగా అనలేము.

ఇక పిల్లల ప్రశ్న, పాతబండిని ఎందుకు ఉంచాలని. వేగంకోసమయితే అక్కరలేదు, ఆ పందెం ముగిసింది. కాని డాట్సన్ మూత ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది. ప్లగ్గు శుభ్రం చేయడం, కార్బురేటరు సరిచేయడం ఆదివారం పూట తండ్రి దగ్గర నిలబడి పన్నెండేళ్ళ పిల్ల నేర్చుకోగలదు. కరెంటు బండిలో కదిలే భాగాలు తక్కువ, చెడేవీ తక్కువ. అయితే దాని బ్యాటరీ వందల వోల్టులది, ఇంటివారు చెయ్యి పెట్టరాదు. దాని బుద్ధి అంతా కంప్యూటరు లెక్కలలో ఉన్నది, ఆ లెక్కలు తయారుచేసినవారి చేతిలో ఉన్నాయి. తండ్రి నుంచి బిడ్డకు బండి అందినా పని అందదు. మన కుటుంబాలలో కంప్యూటరు విద్య నేర్చినవారు ఎందరో ఉన్నారు గనుక ఈ లోటు ఎప్పటికీ ఉంటుందని మేము అనుకోము. ఇప్పటికి మాత్రం ఉన్నది.

ఈ రాష్ట్రంలో పాతికేళ్ళు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి బీమా సంస్థ ఐ.సి.బి.సి. కలెక్టర్ ప్లేటు ఇస్తుంది. 2012 నాటి మొదటి మోడల్ ఎస్ బండ్లకు 2037లో పాతికేళ్ళు నిండుతాయి. రెండు రకాల బండ్లు ఉన్న ఇళ్ళవారు మరమ్మతు పుస్తకం, రసీదులు, పాత ఫోటోలు ఒక సంచిలో వేసి బండితోపాటే భద్రపరచండి. ఏ ఏట ఏ భాగం మార్చారో, ఎవరు మార్చారో ఒక కాగితంమీద తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసి అందులో ఉంచండి.