గొలుసు, రాయి, రోవరు: నరసన్నపేట నేపథ్యంలో భూమి కొలతల చరిత్ర

వ్యాససంగ్రహం: శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో 2022 నవంబరు 23న ప్రభుత్వం రీసర్వే భూహక్కు పత్రాలను పంపిణీ చేసింది. ఈ సర్వేలో వాడిన డ్రోన్లు, రోవర్ల లోపల జీపీఎస్ గ్రాహకం, మోషన్ సెన్సర్ కలిసి పనిచేస్తాయి. వాటిని నడిపేది తరచుగా లినక్స్ ఆధారిత చిన్న కంప్యూటరు బోర్డు. ఈ సాధనాన్ని ఉత్తరాంధ్ర భూకొలతల చరిత్రలో ఉంచి చూడడం, హద్దుకు సాక్ష్యం ఎవరన్న ప్రశ్న కాలానుగుణంగా ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రీసర్వే, నరసన్నపేట, జమీందారీ, ఎఫ్.ఎం.బి., రోవరు, మోషన్ సెన్సర్, లినక్స్ బోర్డు.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా జగ్గయ్యపేట సమీపంలోని తక్కెళ్ళపాడులో సమగ్ర భూసర్వేను ప్రారంభించింది. సర్వే ఆఫ్ ఇండియా అందులో భాగస్వామి. రెండేళ్ళ తరువాత నరసన్నపేట సభలో, 2,000 గ్రామాల్లో సర్వే పూర్తయి 7,92,238 మందికి హక్కు పత్రాలు సిద్ధమయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. వందేళ్ళ తరువాత జరుగుతున్న సర్వే ఇదేనన్న మాట ఆ కాలపు ప్రభుత్వ ప్రచారమంతటా వినిపించింది. నరసన్నపేట పరిసరాలకు ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందన్నది చరిత్రకారుడు అడగవలసిన మొదటి ప్రశ్న. కొత్త సాధనం దేన్ని మార్చిందన్నది రెండవది. మొదటిదానికి జవాబు దొరికితే గాని రెండవదానికి దొరకదు.

2. పుట్టలు, చెట్లు, నాగళ్ళు

నరసన్నపేటకు సమీపంలోనే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. అదే తూర్పు గాంగుల కళింగనగరమని గిడుగు రామమూర్తి అక్కడి శాసనాల ఆధారంగా వాదించారు. గాంగుల తామ్రశాసనాల్లో దానభూమిని వర్ణించే తీరు గమనించదగినది. విస్తీర్ణాన్ని ‘హల’ అనే నాగలి లెక్కలో చెప్పి, హద్దులను దిక్కుల వారీగా పేర్కొంటారు. ఆ హద్దుల్లో కనిపించేవి పుట్ట, చెట్టు, రాయి, గుంట, చెరువు, వాగు. ఆ రేకును చదివేవారికి ఆ నేల ముందే తెలిసి ఉండాలి. ఏ పుట్టో చూపించే మనిషి లేకపోతే శాసనం ఉన్నా హద్దు తేలదు.

ఈ పద్ధతి పూర్తిగా పోలేదు. నేటి దస్తావేజుల్లోనూ చెక్కుబందీ కింద తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన కాలువ అని రాస్తారు. అలా ప్రతి రైతూ తన పక్క రైతు హద్దుకు సాక్షి అవుతాడు. ‘పొలిమేర’, ‘గట్టు’, ‘సరిహద్దు’ అన్న మాటలన్నీ కాలితో నడిచి చూడగలిగిన వాటిని చెబుతాయి. ‘సర్వే నంబరు’ అన్న మాట అలాంటిది కాదు.

3. 1802: రెండు పనులు

1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. భూగోళపు ఆకృతినే లెక్కగట్టిన మహా త్రికోణమితి సర్వేకు అది నాంది. అదే ఏడాది ఈస్టిండియా కంపెనీ 25వ రెగ్యులేషన్ ద్వారా మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు విధానానికి చట్టరూపం ఇచ్చింది. ఉత్తర సర్కారుల్లో జమీందార్లు చెల్లించవలసిన పేష్కషు ఖరారైంది గాని, వారి గ్రామాల పొలాలను ఎవరూ కొలవలేదు. భూగోళాన్ని అంగుళాలతో కొలవడానికి పూనుకున్న పాలకులే పొలాలను కొలవకుండా శిస్తు కట్టారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. మొదటి కొలత పటానికీ సైన్యానికీ కావాలి. రెండవది కొలిచి చూస్తే ఖర్చు, కొలవకపోతే ఆదా.

త్రికోణమితి సర్వే తూర్పుతీర శ్రేణి కలకత్తాను మద్రాసుతో కలుపుతూ గంజాం, విశాఖపట్టణం జిల్లాల మీదుగా సాగింది. 1862-63లో విశాఖపట్టణం ఆధారరేఖను కోల్బీ కడ్డీలతో కొలిచారు. ఎండకు లోహం సాగుతుంది గనుక ఒక్క కడ్డీని నమ్మలేరు. అందువల్ల వేర్వేరుగా వ్యాకోచించే ఇనుప, ఇత్తడి కడ్డీలను జతచేసి, ఒకదాని దోషాన్ని మరొకదానితో సరిదిద్దేలా అమర్చారు. రెండు లోపభూయిష్ఠ సాధనాలు కలిసి ఒక నమ్మదగిన సాధనం కావడమన్న ఈ సూత్రం ముందుముందు మళ్ళీ ఎదురవుతుంది.

స్థానం అంటే కాలమే అన్న ఎరుక కూడా ఆ శతాబ్దంలోనే ఈ తీరానికి వచ్చింది. మద్రాసు నక్షత్రశాలలో టి.జి. టేలర్ దగ్గర అభ్యసించిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణంలో సొంత నక్షత్రశాల స్థాపించి, ఆ పట్టణపు అక్షాంశ రేఖాంశాల నిర్ణయానికి పూనుకున్నారు. రేఖాంశం తెలియాలంటే రెండు చోట్ల కాలభేదం తెలియాలి. నేటి ఉపగ్రహ వ్యవస్థకు మూలం కూడా కాలమే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహం పంపిన సంకేతం ఎంతసేపటికి అందిందన్నదే అక్కడి కొలత. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది.

4. ‘వందేళ్ళ’ మాట

మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే శాఖ 1858లో ఏర్పడింది. అది కొలిచినవి ప్రధానంగా రైతువారీ గ్రామాలు. అప్పటి గంజాం జిల్లాలో శ్రీకాకుళం తాలూకాలో రైతువారీ గ్రామాలున్నా, చుట్టూ జమీందారీలు విస్తరించి ఉండేవి. నరసన్నపేటకు ఆనుకున్న ఉర్లాం, కొంచెం దూరాన టెక్కలి, పర్లాకిమిడి అందుకు ఉదాహరణలు. ఇక్కడ ఒక పొలం గట్టు దాటితే సర్వే నంబరున్న భూమి నుంచి జమీందారు కరణం లెక్కలే ఆధారమైన భూమిలోకి అడుగుపెట్టినట్లు. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం కింద కొన్ని ఎస్టేట్లలో సర్వే జరిగినా, 1948 నాటి 26వ చట్టంతో జమీందారీలు రద్దయిన తరువాతనే రైతువారీ సర్వే, సెటిల్‌మెంటు ఈ గ్రామాలకు విస్తృతంగా వచ్చాయి. ఈలోగా పాలనా సరిహద్దులూ మారాయి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం గంజాం నుంచి విశాఖపట్టణం జిల్లాకు వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది.

కాబట్టి ‘వందేళ్ళ తరువాత’ అన్నది రాష్ట్రమంతటికీ ఒకే తూకంతో వేసిన మాట. అనేక పూర్వ జమీందారీ గ్రామాల్లో సర్వే రికార్డు వయసు ఏడెనిమిది దశాబ్దాలకు మించదు. అంతకు ముందున్నది అనుభవమూ కరణం లెక్కా మాత్రమే. అక్కడి వివాదాలు పాత రాయి జరిగినందువల్ల వచ్చినవని తేలికగా అనలేం. కొన్నిచోట్ల మొదటి రాయి పాతిందే నిన్నమొన్న.

ఆ సర్వే ఉపకరణాలు గొలుసు, క్రాస్ స్టాఫ్, థియోడొలైట్. వాటి ఫలితం ఎఫ్.ఎం.బి. ప్రతి సర్వే నంబరుకూ ఒక పుట, అందులో కర్ణరేఖలు, వాటి నుంచి గట్ల వంపులకు లంబదూరాలు అంకెల్లో రాసి ఉంటాయి. ఈ పద్ధతి గొప్పతనం చాలామంది గుర్తించనిది. కొలతలన్నీ పుటలోనే ఉంటాయి గనుక గొలుసు పట్టగల ఎవరైనా, రాళ్ళు నిలిచి ఉంటే, దానిని మళ్ళీ కొలిచి చూడగలరు. లోపం కూడా అక్కడే ఉంది. ఆ పుట పొలాన్ని దాని రాళ్ళతోనే ముడిపెడుతుంది గాని భూగోళంతో కాదు. వంశధార వరదకో నాగలికో ట్రాక్టరుకో రాళ్ళు పోతే కొలత నిరాధారమవుతుంది.

5. ఒకే పెట్టెలో రెండు సెన్సర్లు

రీసర్వేలో శాశ్వత బేస్ స్టేషన్లు, డ్రోన్లు, చేత పట్టుకునే రోవర్లు వాడారు. బేస్ స్టేషన్ ఉన్న చోటు ముందే ఖచ్చితంగా తెలుసు. ఉపగ్రహ సంకేతంలో దానికి కనిపించిన దోషాన్ని రోవరుకు పంపితే, రోవరు తన స్థానాన్ని కొద్ది సెంటీమీటర్ల లోపు నిర్ణయించగలదు. 2000 మే నెలలో అమెరికా పౌర సంకేతంలో కావాలని కలిపే దోషాన్ని తొలగించడం వల్ల మామూలు జీపీఎస్ మెరుగైంది గాని, పొలం గట్టుకు అదొక్కటే చాలదు.

రోవరు గ్రాహకం కర్ర పైన ఉంటుంది. కొలవవలసిన బిందువు కర్ర అడుగున ఉంటుంది. కర్ర నిలువుగా లేకపోతే ఏం జరుగుతుంది? 2 మీటర్ల కర్ర 10 డిగ్రీలు వాలితే పైకొన సుమారు 35 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. 100 మీటర్ల గట్టు పొడవునా అదే తప్పు ఒకే వైపు జరిగితే దాదాపు 35 చదరపు మీటర్లు, అంటే సెంటులో 86 వంతుల పైన, ఒకరి నుంచి మరొకరికి పోతుంది. సెంటు ధర తెలిసిన రైతుకు ఇది అంకెల లెక్క కాదు. పాత పద్ధతిలో నీటిబుడగ చూసి కర్రను నిలువుగా పట్టుకునేవారు. ముళ్ళకంచె పక్కనో గోడ మూలలోనో అది సాధ్యపడదు.

అందుకే గ్రాహకంలో మోషన్ సెన్సర్‌ను చేర్చారు. దానిలో మూడు దిశల త్వరణాన్ని గ్రహించే యాక్సిలరోమీటర్లు, మూడు దిశల తిరుగుడును గ్రహించే గైరోస్కోపులు ఉంటాయి. కర్ర ఎంత వాలిందో తెలిస్తే అడుగు బిందువును గణించవచ్చు. 2017లో లైకా సంస్థ తెచ్చిన జి.ఎస్.18 టి రోవరుతో ఈ పద్ధతి సర్వే రంగంలో పేరు పొందింది.

ఒక్క మోషన్ సెన్సర్‌తో స్థానం చెప్పడం మాత్రం కుదరదు. త్వరణంలో సెకను వర్గానికి ఒక సెంటీమీటరు దోషం మిగిలిపోయినా, ఒక నిమిషం తిరిగేసరికి లెక్కలో స్థానం 18 మీటర్లు జారిపోతుంది. జీపీఎస్ అలా జారదు గాని నెమ్మది. సెకనుకు కొన్నిసార్లే చెబుతుంది, కొబ్బరిచెట్ల కింద తడబడుతుంది. సెన్సర్ సెకనుకు వందసార్లకు పైగా చెబుతుంది, చెట్టునీడతో దానికి పని లేదు. ఈ రెండింటినీ కలిపే గణితం రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రచురించిన ఫిల్టరు పద్ధతి. ప్రతి క్షణం ఏ సాధనాన్ని ఎంత నమ్మాలో అది తూచి చెబుతుంది. కోల్బీ కడ్డీల్లో ఇనుము, ఇత్తడి చేసిన పనే ఇక్కడ అంకెల్లో జరుగుతుంది.

6. లినక్స్ బోర్డు పాత్ర

1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్, 2008 నాటి బీగిల్ బోర్డు, 2012 నాటి రాస్బెర్రీ పై వంటి బోర్డులతో అరచేతిలోకి వచ్చింది. రోవర్లలోనూ డ్రోన్ల అనుబంధ కంప్యూటర్లలోనూ అది విరివిగా కనిపిస్తుంది. అయితే ఒక చిక్కు ఉంది. మామూలు లినక్స్ ఒక పనిని చెప్పిన క్షణానికే చేస్తానని హామీ ఇవ్వదు. సీరియల్ తీగ మీద వచ్చిన సమాచారం మరో పని ముగిసేదాకా వేచి ఉండవచ్చు. సెకనుకు 10 మీటర్లు ఎగిరే డ్రోన్ విషయంలో కాలముద్ర సెకనులో పదో వంతు తప్పితే స్థానం ఒక మీటరు తప్పుతుంది.

జీపీఎస్ ఒకచోట, మోషన్ సెన్సర్ మరొకచోట కొని బోర్డుకు తగిలించిన విద్యార్థి ప్రాజెక్టులు చాలావరకు తడబడేది ఇక్కడే. రెండూ ఒకే మాడ్యూల్‌లో ఉంటే ఒకే గడియారంతో, లోపలే కాలముద్ర పడుతుంది. బోర్డు పని వచ్చిన దానిని భద్రపరచడం, పంపడం. మాడ్యూల్ విడిగా ఉన్నప్పుడు గ్రాహకం సెకనుకొకసారి ఇచ్చే స్పందనతో బోర్డు గడియారాన్ని సరిచూసుకోవాలి. 2024 చివరలో వెలువడిన 6.12 వెర్షన్‌లో తక్షణ స్పందనకు సంబంధించిన మార్పులు లినక్స్ ప్రధాన కెర్నెల్‌లో చేరాయి గనుక ఈ ఇబ్బంది కొంత తగ్గింది. యాంటెనా, సెన్సర్, కెమెరాల మధ్య దూరాలను మాత్రం ఇప్పటికీ మనిషే స్కేలు పెట్టి కొలిచి చెప్పాలి. మాడ్యూల్ ఎంత ఖరీదైనా ఈ పని తప్పదు.

ఈ బోర్డుల చారిత్రక ప్రాముఖ్యం ధరలో కన్నా మరోచోట ఉంది. గ్రాహకంతో మాట్లాడే జీపీఎస్‌డి, సెంటీమీటరు గణనకు టొమోజి టకాసు రాసిన ఆర్‌టీకేలిబ్ వంటి సాఫ్ట్‌వేర్ల మూలం ఎవరైనా చదవగలిగినది. ఒక డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర విభాగం కూడా ముడి పరిశీలనల నుంచి స్థానం ఎలా వస్తుందో మొదటి మెట్టు నుంచి చూపించగలదు. సర్వే సిబ్బంది చేతిలోని మూసిన పెట్టె ఆ పని చేయదు.

7. కొత్త కాగితం, పాత కొలత

రీసర్వే తరువాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్శిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. అనేక గ్రామాల రైతులు విస్తీర్ణంలో తేడాల గురించి, పలువురి పొలాలు ఒకే ఉమ్మడి నంబరు కిందికి రావడం గురించి ఫిర్యాదు చేశారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం భూ హక్కుల చట్టాన్ని రద్దు చేసి, రీసర్వే గ్రామాల్లో సభలు జరిపింది. ఈ వివాదాన్ని యంత్రపు తప్పుగా చూడడం తొందరపాటు. యంత్రం చూపించిన చోటును కొలుస్తుంది. ఆ చోటును చూపించేది మనిషి. ఉమ్మడి నంబరు మనుషుల మధ్య తేలని పంపకం నుంచి పుడుతుంది గాని ఉపగ్రహం నుంచి కాదు.

విస్తీర్ణపు తేడాలకు మరొక కారణం ఉంది. గొలుసుతో కొలిచిన ఎఫ్.ఎం.బి. అంకెకూ అక్షాంశ రేఖాంశాల నుంచి గణించిన అంకెకూ మధ్య కొంత తేడా రాక తప్పదు. ఏ అంకె చట్టబద్ధమన్నది కొలతశాస్త్రం తేల్చదు. పాత పుటలో కర్ణరేఖ, లంబదూరాలు కనిపిస్తాయి. పాత సర్వేయరు తప్పు చేసి ఉంటే అది అందులోనే దొరుకుతుంది. కొత్త పత్రం ఫలితబిందువులను చూపిస్తుంది. ఆనాడు ఎన్ని ఉపగ్రహాలు కనిపించాయో, కర్ర ఎంత వాలిందో, దోషపు అంచనా ఎంతో రోవరులోని బోర్డు నమోదు చేయగలిగిన విషయాలే. నరసన్నపేట గట్టు మీద ఇద్దరు రైతులకు తగవు వచ్చినప్పుడు వారికి కావలసిన పుట అదే.