80 కిలోమీటర్ల లెక్క

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలు కాకుండా ఏదైనా కొత్త విషయం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. ముప్పై మూడేళ్ల ఉద్యోగం సబ్‌స్టేషన్లలో వెళ్లదీసిన నాకు బ్యాటరీ గది, లాగ్ షీట్ తప్ప వేరే ఏం తెలుసు? అయితే ఆ బ్యాటరీల పరిజ్ఞానమే నన్ను ఒకసారి బెంగుళూరు నడిరోడ్డు మీద, అదీ వియ్యంకుడిగారి ఎదుట, తలదించుకునేలా చేసింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు రేవా కారు చరిత్ర కొంత చెప్పాలి. ఈనాడు ఎలక్ట్రిక్ కార్లు వీధికొకటి కనబడుతున్నాయి గనుక మన సభ్యులకూ, వారి పిల్లలకూ ఇది పనికిరావచ్చు.

మన దేశంలో విద్యుత్ కారు అనగానే చాలామంది నిన్నమొన్నటి విషయం అనుకుంటారు. కాదు. 1993లోనే లవ్‌బర్డ్ అనే రెండు సీట్ల బండి వచ్చింది, నిలవలేదు. ఆ మరుసటి ఏడు, అంటే 1994లో, బెంగుళూరులోని మైనీ గ్రూపు, అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ కంపెనీ కలిసి రేవా సంస్థను పెట్టాయి. దీని వెనుక ఉన్న యువకుడు చేతన్ మైనీ. ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో 1990లో సన్‌రన్నర్ అనే సౌరశక్తి కారును నిర్మించిన విద్యార్థి బృందంలో ఉన్నారు. ఆ బండి అమెరికాలో పోటీ గెలిచి, ఆస్ట్రేలియా పోటీలో మూడో స్థానంలో నిలిచింది. రేవా కారు 2001లో బెంగుళూరులో అమ్మకానికి వచ్చింది. 2004 నుంచి లండన్‌లో జీ-విజ్ అనే పేరుతో తిరిగింది. అక్కడ నగరం నడిబొడ్డున కార్ల మీద వేసే రద్దీ పన్ను దీనికి అప్పట్లో లేకపోవడం వల్ల ఆఫీసులకు వెళ్లేవారు బాగానే కొన్నారు.

ఇక మన శాఖ విషయానికి వద్దాం. ఆ కారులో ఉన్నవి ఆరు వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీలు ఎనిమిది. మొత్తం 48 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 9.6 యూనిట్లు. మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే ఇవి. ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తి కూడా సుమారు 9 యూనిట్లే! అంటే కారు బరువులో మూడో వంతుకు పైగా ఉన్న సీసం, ఆసిడ్ అంతా కలిపి మోసుకెళ్లేది ఒక లీటరు పెట్రోలు పాటి శక్తి. అయినా 80 కి.మీ. అని కంపెనీ ఎలా చెప్పగలిగింది? పెట్రోలు ఇంజను తన శక్తిలో పావు వంతు చక్రాలకు ఇస్తే గొప్ప, మిగతాది వేడి. మోటారు అలా కాదు, తీసుకున్నదానిలో అధిక భాగం చక్రాలకే ఇస్తుంది. పైగా బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది.

ఆ 80 అబద్ధమని నేననను. కాని ఏ కంపెనీ అయినా అటువంటి అంకె చెప్పేది కొత్త బ్యాటరీతో, చదును రోడ్డు మీద, నిదానపు వేగంతో, ఏసీ లేకుండా. మనకు తెలిసిందే కదా, బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్లు ఏ రేటున తీస్తే వస్తాయో కూడా చూసుకోవాలి. 200 అనేది ఐదు గంటల రేటు అనుకుంటే గంటకు 40 ఆంపియర్ల చొప్పున మెల్లగా తీస్తేనే అంత వస్తుంది. కారు వంద ఆంపియర్లు లాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు అంతకు రెట్టింపు. అప్పుడు 150, 160 వచ్చినా సంతోషించాలి. ఆ వచ్చినదాన్నైనా అడుగంటా తోడితే ప్లేట్లు త్వరగా చెడతాయి, ఐదో వంతు మిగల్చాలి. వయసుతో తగ్గేది వేరే. సబ్‌స్టేషన్‌లో మన 110 సెల్స్ ఎప్పుడూ ట్రికిల్ ఛార్జింగ్ మీద కూర్చుని, ఏ బ్రేకరో ట్రిప్ అయినప్పుడు మాత్రం ఒక్క క్షణం పనిచేసి మళ్లీ విశ్రాంతి తీసుకునేవి. పదేళ్లు, పన్నెండేళ్లు వచ్చేవి. రోజూ ఖాళీ చేసి నింపే కారు బ్యాటరీకి ఆ భాగ్యం లేదు, మూడు నాలుగేళ్లే.

మా వియ్యంకుడుగారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై బెంగుళూరు జయనగర్‌లో స్థిరపడ్డారు. భార్య గతించారు. కూతురు వైట్‌ఫీల్డ్‌లో ఉంటుంది, ఇంటి నుంచి 22 కి.మీ. మోకాలి నొప్పి వల్ల క్లచ్ తొక్కలేక పాత కారు అమ్మేశారు. పిల్లలు ఇక కారు వద్దన్నారు. ఆయన వినకుండా 2005లో రేవా కొన్నారు. దానికి క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. ప్రతి ఆదివారం ఉదయం కూతురింటికి వెళ్లి, మనవడితో గడిపి, చీకటి పడేలోగా తిరిగి వచ్చేవారు. బ్యాంకు అలవాటు చొప్పున ఒక పొడుగాటి పుస్తకంలో తేదీ, పోయిన దూరం, మీటరులో మిగిలిన ఛార్జి రాసుకునేవారు. మొదటి ఏడాది 44 కి.మీ. పోయి వచ్చినా ఇంకా మిగిలి ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి కూతురింట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు మధ్యాహ్నమంతా తగిలించనిదే తిరుగు ప్రయాణం చేసేవారు కాదు.

2008 డిసెంబరులో మనవడి పుట్టినరోజుకి మేమూ వెళ్లాము. ఇంటినిండా చుట్టాలు, ఆ ప్లగ్గుకు వంటవాళ్లు ఏదో పెట్టుకున్నారు. సాయంత్రం ఆయన "ఒక గంట ఛార్జి పెట్టి బయలుదేరదాం బావగారూ" అన్నారు. నేను వెంటనే నోటితోనే లెక్క కట్టాను. 200లో ఐదో వంతు వదిలితే 160, వచ్చేటప్పుడు ఇంత అయింది, ఇంకా 30 కి.మీ. నిక్షేపంగా వస్తుంది, పదండి అన్నాను. బ్యాటరీ విషయంలో నాకు ఎదురు చెప్పడం మర్యాద కాదని ఆయన ఊరుకున్నారు. ముందు సీట్లలో మేమిద్దరం, వెనుక పిల్లల సీటులో ఒదిగి మా ఆవిడ. దీపాలు వేసుకుని, ఆగుతూ కదులుతూ ఎనిమిది కి.మీ. వచ్చి, మారతహళ్లి వంతెన దాటగానే బండి నీరసించింది. వెనుక బస్సుల హారన్లు. తోసి పక్కకు పెట్టాము. అరవై ఆరేళ్ల ఆయన, అంతకు ఒకటి రెండేళ్లు తక్కువ నేను.

నేను కట్టినది కొత్త బ్యాటరీ లెక్క. ఆయన పుస్తకంలో ఉన్నది ఆ బ్యాటరీ లెక్క. ఆ పుస్తకం కారులోనే ఉంది, నేను అడిగి చూడలేదు. నా దగ్గర పనిచేసే ఆపరేటరు పైలట్ సెల్ రీడింగు చూడకుండా ఇలా చెప్పి ఉంటే నేను మెమో ఇచ్చేవాణ్ణి.

లెడ్ ఆసిడ్ బ్యాటరీకి ఒక గుణం ఉంది, కాసేపు వదిలేస్తే కొంత తేరుకుంటుంది. ఇరవై నిమిషాలు ఆగి మెల్లగా నడిపితే అర కిలోమీటరు కదిలింది. అక్కడ ఒక పిండిమర కనబడింది. యజమాని చిత్తూరు జిల్లా వాడు, మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. మర ఆపే వేళ అయినా రెండు గంటలు ప్లగ్గు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు, పైగా మా ఆవిడకు కుర్చీ వేయించాడు. జయనగర్ చేరేసరికి పదకొండున్నర. దారిలో వియ్యంకుడుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

లెడ్ ఆసిడ్‌తో ఈ చిక్కు మనవాళ్లకే పరిమితం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1996లో అద్దె పద్ధతిన ఇచ్చిన ఈవీ-1 కారులో మొదట వాడింది ఇదే రకం. 530 కిలోల బ్యాటరీతో 16.5 యూనిట్లు. తర్వాత నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం పెట్టాక అది 26 యూనిట్లు దాటి, దూరం బాగా పెరిగింది. అయినా మొత్తం 1,117 బండ్లు చేసి ఆపేశారు, తిరిగి తీసుకున్నవాటిలో చాలా భాగం తుక్కు చేశారు. రేవావారు 2009లో లిథియం బ్యాటరీతో 120 కి.మీ. పోయే రకం ప్రకటించారు. 2010 మే నెలలో మహీంద్రా సంస్థ రేవాలో అధిక వాటా కొన్నది. 2013లో ఈ-టూ-ఓ వచ్చేనాటికి పాత రేవా తయారీ ముగిసింది. అప్పటి వరకు అన్ని దేశాల్లో కలిపి అమ్ముడైనవి కొన్ని వేలు మాత్రమే.

మా వియ్యంకుడుగారు బ్యాటరీలు మార్పించలేదు. పింఛను మీద బతికేవాడు రెండుసార్లు ఆలోచించాల్సినంత మొత్తం అయింది. ఆదివారాలు కూతురే వచ్చి తీసుకెళ్లేది, వీలు లేని వారం ఫోను చేసేది. 2011లో కారు ఇచ్చివేశారు. ఆయన పోయాక ఆ పొడుగాటి పుస్తకం మా అల్లుడు నాకు పంపాడు. 2008 డిసెంబరు పేజీ తీసి చూశాను. దూరం 30 కి.మీ. అని రాసి, ఎదురుగా "ఛార్జి పెట్టలేదు, నా పొరపాటు" అని రాసుకున్నారు. నా పేరు ఎక్కడా లేదు. చివరి పేజీల్లో అన్నీ గుడికి, కూరల మార్కెట్టుకు, మూడు, నాలుగు కిలోమీటర్లు.