కాలకేయుడు ఎవరు? మన ఊహా సినిమాల్లో అడవి మనిషి

2015లో 'బాహుబలి' మొదటి భాగం వచ్చిన కొత్తలో, నేను పనిచేస్తున్న బడిలో ఏడో తరగతి పిల్లలు ఒక పిల్లవాడికి 'కాలకేయ' అని పేరు పెట్టారు. వాడు మన పిల్లవాడే. ఒళ్లు నలుపు, జుట్టు ఒత్తు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. తెలుగు పాఠం చదువుతూ తడబడితే చాలు, వెనక బెంచీలోంచి నాలుకతో టకటక చప్పుళ్లు చేసేవాళ్లు. నాలుగు రోజులు ఓర్చుకుని వాడు బడి మానేశాడు. ఇంటికి పోయి తీసుకొచ్చాను. దారిలో వాడు, "సార్, సినిమాల మనం ఎప్పుడూ గట్లనే ఉంటమా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఆ తర్వాత పాత సినిమాలు వరసపెట్టి చూశాను. ఈ వ్యాసం వాడికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ఈ కథ మన దేశంలో మొదలు కాలేదు. 1902లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ చంద్రయాత్ర మీద ఒక చిన్న మూగ సినిమా తీశాడు. ప్రపంచంలో ఊహా చిత్రాలకు అది తొలి మెట్టు అంటారు. అందులో పండితులు ఫిరంగి గుండులో చంద్రుడి మీదికి పోతారు. అక్కడి వాసులను గొడుగులతో కొడితే వాళ్లు పొగై పోతారు. ఒకడు గుండుకు వేలాడుతూ భూమికి వస్తే, అతన్ని జనం ముందు ఆడిస్తారు. పరాయి నేలకు పోయినవాడు వీరుడు, ఆ నేల మనిషి వింత జంతువు. సినిమా పుట్టిన కొత్తలోనే ఈ అచ్చు తయారైంది.

మన తెలుగులో మాత్రం మొదట్లో కొంత తేడా ఉండేది. కె.వి.రెడ్డి 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు అడవిలో ఉండే రాక్షసుడే. కానీ అతను మనకు శత్రువు కాడు, చుట్టం. అడవిలో అభిమన్యుడితో తలపడతాడు. తీరా వరస తెలియగానే తమ్ముడిని అక్కున చేర్చుకుంటాడు. పట్నంవాళ్లు చెడగొట్టిన పెళ్లిని నిలబెట్టేది అడవివాళ్లే. ఇంకో విషయం చూడండి. అతని మనుషులు మాట్లాడే తెలుగు వింతగా ఉంటుంది. పింగళి నాగేంద్రరావు వాళ్ల నోట ఎన్నో కొత్త మాటలు పెట్టారు. మాట తప్పని ఒకరు దిద్దబోతే, ఘటోత్కచుడు కొత్త మాట పుట్టించినవాడినే మెచ్చుకుంటాడు. ఆ మాటల్లో కొన్నిటిని జనం ఇప్పటికీ వాడుతున్నారు. అడవివాళ్ల మాటకు నవ్వాం, కానీ దాన్ని మన ఇంట్లోకి తెచ్చుకున్నాం.

అక్కడి నుంచి 58 ఏళ్లకు 'బాహుబలి' వచ్చింది. భారతంలో కాలకేయులు సముద్రంలో దాక్కున్న దానవులు. అగస్త్యుడు సముద్రాన్ని తాగేశాక దేవతలు వాళ్లను చంపారు. సినిమాలో వాళ్లు నల్లరంగు పూసుకున్న ఆటవిక మూక అయ్యారు. వాళ్ల కోసం మదన్ కార్కీ సుమారు 750 మాటలతో 'కిలికి' అనే భాష తయారుచేశారు. అది తక్కువ పని కాదు. కానీ ఆ భాష ఎందుకు వాడారు? తెరమీద భయం పుట్టించడానికి. ఆ భాషలో ఒక తల్లి జోల పాడదు, ఒక ముసలివాడు కథ చెప్పడు. 1957లో చుట్టంగా ఉన్నవాడు 2015కల్లా నరికేయాల్సిన మూక అయ్యాడు.

2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' మన కొమురం భీంను వీరుడిగా చూపింది. సంతోషించాం. అదీ ఊహాకథేనని తీసినవాళ్లే చెప్పారు. అయినా చివర్లో భీం తన జనానికి చదువు చెప్పమని రామరాజును అడగడం నాకు ముల్లులా గుచ్చుకుంది. అసలు భీం అడిగింది జల్, జంగల్, జమీన్. దాని కోసమే 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు.

ఇక రేపటి లోకాన్ని చూపిన సినిమాలు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం 2504కు పోతుంది. భూమి పైభాగం అణుధార్మికతతో పాడై, మనుషులు నేల అడుగున బతుకుతుంటారు. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. అందులో కాశీలో గంగ ఎండిపోయింది. నీళ్లూ పచ్చదనం పైనున్న 'కాంప్లెక్స్'లో కొద్దిమందికే. 1927లో జర్మనీలో వచ్చిన 'మెట్రోపోలిస్'లోనూ ఇదే అమరిక, పైన ధనికులు, నేల అడుగున కూలీలు. తన చెట్టు దగ్గరికి, తన నీటి దగ్గరికి మనిషి పోలేకపోవడమే ఈ కథల్లో లోకం చెడిపోవడం. పట్నం ప్రేక్షకుడికి అది వందల ఏళ్ల తర్వాతి భయం. అభయారణ్యాల పేరుతో, ప్రాజెక్టుల పేరుతో గూడేలు ఖాళీ చేసినవాళ్లకు అది అయిపోయిన సంగతి.

పూడూరులో ఉండి ఈ మాట రాస్తున్నాను. 'కల్కి' చూసి నాలుగు నెలలు తిరగకముందే, 2024 అక్టోబర్ 15న మా మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళ రాడార్ కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. సముద్రం అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం అది. తిరునెల్వేలి తర్వాత దేశంలో రెండోది. దానికి ఇచ్చిన అడవి సుమారు 2,900 ఎకరాలు. మూసీ పుట్టింది ఈ జిల్లాలోని అనంతగిరి కొండల్లోనే. దేశానికి రక్షణ వద్దని ఎవరూ అనరు. మేకలు ఎక్కడ మేపాలి, గుడికి ఏ దారిన పోవాలి, రేపు వాగులో నీళ్లుంటాయా అని ఊళ్లవాళ్లు అడిగారు. ఇవి మామూలు ప్రశ్నలు. కానీ సినిమాలో అడిగితే కన్నీళ్లు పెట్టుకునేవాళ్లే, ఊళ్లో అడిగితే వినరు.

మన దగ్గర ఊహాకథలు లేవా? గుహలో బందీలైన గోండు దేవతలను పహాండి కుపార్ లింగాల్ విడిపించిన కథను ప్రధానులు కీక్రి వాయిస్తూ తరతరాలుగా చెబుతున్నారు. అందులో లేని అద్భుతం ఏ సినిమాలో ఉంది? కానీ దాన్ని మనం రాయాలి, మన పిల్లలు తెరకెక్కించాలి. లేకుంటే ఇంకొకరు తీస్తారు, అందులో మనం మళ్లీ మూకగానే ఉంటాం.

బిడ్డా, అప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు ఇది. ఎప్పుడూ అట్ల లేము. ఒకప్పుడు వాళ్ల సినిమాలోనే చుట్టాలుగా ఉన్నాం. ఇకమీదట ఎట్లుండాలో మన చేతుల్లోనూ కొంత ఉంది.