ఎవరి జిగర్ కా టుకడా?

మన ఇళ్లల్లో అమ్మీలు, నానీమాలు పిల్లల్ని ముద్దు చేస్తూ ‘జిగర్ కా టుకడా’ అంటారు. అంటే కాలేయం ముక్క. ఈ రోజు చెప్పబోయే తారీఖ్‌లో అది ముద్దు మాట కాదు, అక్షరాలా నిజం.

అర్జెంటీనాకు చెందిన ఒక అబ్బాయి. వయసు 15. జిగర్‌లో కేన్సర్. 1970లలో ఆ గడ్డలోంచి తీసిన ముక్కలోని కణాల సంతతి ఇవాళ్టికీ దునియాలోని వేలాది లేబరేటరీల్లో బతికే ఉంది. దాని పేరు హెప్‌జి2. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బార్బరా నోల్స్, డేవిడ్ ఏడెన్, వారి సాథీలు 1979లో దీని గురించి ప్రకటించారు.

జిగర్ స్వభావం అజీబ్‌గా ఉంటుంది. ఒంట్లో ఉన్నప్పుడు సగానికి పైగా కోసేసినా మళ్లీ పెరుగుతుంది. అదే కణాల్ని బయటికి తీసి గాజు గిన్నెలో వేస్తే మాత్రం పెరగవు. కొన్ని రోజుల్లోనే తమ పని మరిచిపోతాయి, తర్వాత చనిపోతాయి. మరి ఒక కొత్త దవా జిగర్‌కు జహర్ అవుతుందో లేదో ఎలా తేల్చాలి? కామెర్లు తెచ్చే వైరస్‌ను ఎక్కడ పెంచి చూడాలి? అందుకే చావని కణాలు కావలసి వచ్చాయి. కేన్సర్ కణం ఆగకుండా విభజన చెందుతూనే ఉంటుంది. మనిషి ప్రాణం తీసే ఆ గుణమే ఇల్మ్‌కు పనికొచ్చింది.

కానీ ఇందులో ఒక లోటుంది. హెప్‌జి2 కణాలు ఆల్బుమిన్ లాంటి రక్తంలోని ప్రొటీన్లు తయారు చేస్తాయి గానీ, మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు వాటిలో చాలా తక్కువ. మౌత్‌ను మరిచిన కణం తన నౌకరీని కూడా సగం మరిచిందన్నమాట. మనుషులు చేసిన గలతీ ఇంకోటుంది. పెద్దవాళ్లకు వచ్చే రకం జిగర్ కేన్సర్ అని చాలా ఏళ్లు దాని మీద రాసుకున్నారు. అది నిజానికి పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అని 2009లో తేల్చి చెప్పారు. తప్పును ఒప్పుకుని దిద్దుకోవడం కూడా ఇల్మ్‌లో భాగమే.

రెండో టుకడా జపాన్‌ది. 57 ఏళ్ల ఒక మనిషి జిగర్ గడ్డ నుంచి వచ్చిన కణాలకు హు-7 అని పేరు. 1982లో వాటి గురించి లోకానికి తెలిసింది. హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు గానీ, పదేళ్లపాటు అది గిన్నెలో సరిగ్గా పెరగనే లేదు. 1999లో జర్మనీలో ఫోల్కర్ లోమాన్, రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ బృందం ఆ వైరస్ జన్యు పదార్థాన్ని ఈ హు-7 కణాల్లోనే నకళ్లు తీసుకునేలా చేయగలిగింది. మందుల్ని పరీక్షించే దారి అప్పుడు తెరుచుకుంది. 2013 డిసెంబరులో అమెరికాలో సొఫోస్‌బువిర్‌కు ఇజాజత్ దొరికింది. అక్కడ ఒక్కో గోలీ వెయ్యి డాలర్లు. 2014లో మన దేశపు కంపెనీలకు చవకగా తయారుచేసే లైసెన్సులు ఇచ్చారు. వాటిలో మన హైదరాబాద్ హెటిరో ఒకటి. జపాన్ మనిషి జిగర్ దగ్గర మొదలైన సఫర్ మన గల్లీ మెడికల్ షాపు దాకా వచ్చింది.

ఇలాంటి కణాలతోనే ఇలాజ్ చేయొచ్చా? 2000లో నవోయా కోబయాషి బృందం ఆరోగ్యమైన మనిషి జిగర్ కణాల్లోకి ఒక వైరస్ జన్యువును పంపి అవి చావకుండా పెంచింది. తర్వాత ఆ జన్యువును కత్తిరించి తీసేసి, ఎలుకల్లో పెట్టింది. జిగర్‌లో 90 శాతం తీసేసిన ఎలుకలు బతికాయి. మనుషుల దాకా వచ్చేసరికి తజ్రుబా చేదుగా మిగిలింది. హెప్‌జి2 నుంచి వచ్చిన కణాల్ని ఒంటి బయట యంత్రంలో పెట్టి, రోగి రక్తంలోని ప్లాస్మాను వాటి మీదుగా పంపే చికిత్స 2018లో చివరి దశ పరీక్షలో నెగ్గలేదు. చావని కణంలో కేన్సర్ భయం ఎప్పుడూ పొంచి ఉంటుంది కాబట్టి తొందరపడటం కూడా కుదరదు.

ఆ అబ్బాయి పేరు గానీ, ఆ జపాన్ మనిషి పేరు గానీ పరిశోధన పత్రాల్లో అచ్చు కాలేదు. రోగి పరదా కాపాడటం సరైనదే. కానీ పేరు తెలియనంత మాత్రాన ఖర్జ్ తీరిపోదు. హెపటైటిస్ సి నుంచి కోలుకుని ఇంటికొచ్చిన ప్రతి మనిషి వెనుక, ఏదో ఒక తల్లి పోగొట్టుకున్న జిగర్ కా టుకడా ఉంది. ఈసారి మందు గోలీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం యాద్ చేసుకుందాం. అది మన దగ్గరున్న అమానత్.