మాట వెనుక కథ: గ్రెయిన్

రైఫిల్ బులెట్ బరువును చెప్పే కొలమానం ‘గ్రెయిన్’. గింజ అనే అర్థమున్న లాటిన్ మాట ‘గ్రానుమ్’ దీనికి మూలం. ఇంగ్లండులో పూర్వం బార్లీ గింజ ఎత్తును ఆధారంగా తీసుకున్నారు. తెలుగునాట ఒకప్పుడు కంసాలులు బంగారాన్ని గురిగింజ ఎత్తుతో తూచడమూ ఇలాంటిదే. నేటి లెక్కలో గ్రెయిన్ అంటే 64.79891 మిల్లీగ్రాములు, 7,000 గ్రెయిన్లు ఒక పౌను. 175 గ్రెయిన్ల బులెట్ సుమారు 11.34 గ్రాములు తూగుతుంది.

దూరపు గురి పోటీల్లో ఈ మాటకు విలువ ఎక్కువ. షూటర్లు ఒకే పెట్టెలోని బులెట్లను గ్రెయిన్‌లో పదో వంతు వరకు తూచి వేరు చేస్తారు. అడుగు నుంచి ముక్కు వంపు మొదలయ్యే చోటి వరకు పొడవునూ కొలుస్తారు. చివరికి ఒక్కో వర్గాన్ని కాల్చి, లక్ష్యంపై రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తారు. బులెట్ల మధ్య తేడాలు వేగాన్నీ, గాలి నిరోధాన్నీ మారుస్తాయి. 1,000 గజాల దూరంలో ఆ మార్పు రంధ్రాల ఎత్తుపల్లాలుగా బయటపడుతుంది.

తూటాలోని మందునూ గ్రెయిన్లలోనే తూస్తారు. అక్కడ గ్రెయిన్ అంటే మందు పలుకుల సంఖ్య కాదు, వాటి బరువు.